పదికి రెండుసార్లు

బల్లారట్‌లో జులై చలి.
ఏడైనా ఇంకా తెల్లారదు.
యూనివర్సిటీ వెనక రేకుల షెడ్డు తాళం తీస్తే
ముందు వాసన పలకరిస్తుంది:
తడిసిన రంపపు పొట్టు, పాత గింజలు, ఈకల దుమ్ము.
ఆ తర్వాతే పావురాల గుటగుటలు.

పదిహేడో నంబరుదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని
తూకం వేస్తాను.
మూడొందల తొంభై ఐదు గ్రాములు.
కడుపునిండా తిననిస్తే నాలుగొందల ఎనభై.
ఆకలిని కూడా ఇక్కడ కొలిచే పెడతాం.
దాని గుండె నా బొటనవేలి కింద
కుట్టుమిషన్‌లా పరుగెడుతుంది.

పెట్టెలో రెండు మీటలు.
కుడివైపు పొడిస్తే
నీలమో పసుపో వెలుగుతుంది. ఏది వెలిగినా ఒకటే,
మూడు గింజలు. ఎప్పుడూ మూడే.
ఒకటో తారీకు జీతంలాంటి మూడు.
ఎడమవైపు పొడిస్తే
పదికి ఎనిమిదిసార్లు ఆకుపచ్చ,
పచ్చంటే పస్తు.
పదికి రెండుసార్లు ఎరుపు.
ఎరుపంటే పది గింజలు. మాట తప్పదు.

వేళ్లు మడిచి లెక్కెయ్యండి,
పదిసార్లకి కుడివైపు ముప్పై, ఎడమవైపు ఇరవై.
పదిహేడు కూడా మొదటి వారం
బుద్ధిగా కుడివైపే పొడిచింది.
మూడో వారానికల్లా
ఎడమ మీట అరిగిపోతుందేమో అన్నట్టు
టకటకా, టకటకా.

"పిచ్చి మొహంది," అంది గ్లెనిస్,
బోనుల కింద ట్రేలు కడుగుతూ.
ప్రతి గురువారం సాయంత్రం
స్టేషన్ పక్క క్లబ్బులో
అరచేతిలో వైకుంఠం చూపించే మిషన్ ముందు
కూర్చునే గ్లెనిస్.
అన్న మరుక్షణం తనే నవ్వింది,
రబ్బరు తొడుగులతో కళ్లు తుడుచుకునేంత.
తర్వాత చాలాసేపు నీళ్ల చప్పుడే.
"ఆ ఎనిమిది పచ్చలూ దానికి గుర్తుండవు.
నాకు తెలుసు."

ఆవిడ ముత్తాత ఈ ఊళ్లోనే బంగారం తవ్వాడట.
బురదలో ఒకసారి తళుక్కుమన్నదాన్ని చూసి
ఇరవై రెండేళ్లు.
ఆయన తమ్ముడు రొట్టెలు కాల్చి అమ్మాడట,
ముగ్గుర్ని చదివించాడట.
గ్లెనిస్ ఇంట్లో గోడమీదున్న ఫోటో
ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఆగస్టులో రంగులకి అర్థం తీసేశాం.
ఎరుపైనా పచ్చయినా
గింజలు రావొచ్చు, రాకపోవచ్చు.
ఎడమవైపు మొత్తం అదే, ఇరవై.
వారం తిరక్కుండానే
పదిహేడు మూడు గింజల వైపు వచ్చేసింది,
ఏమీ జరగనట్టు.
అంటే ఇన్నాళ్లూ
పదిసార్లకి పది గింజలు వదిలేసి
అది కొనుక్కున్నది ఒక కబురు.
తెరుచుకునే ముందు తలుపు చేసే
చిన్న కిర్రు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ
వానలో ఆగిపోయాను.
షెడ్డు ఎదురుగానే బస్టాపు.
పావుగంటకో బస్సు. బోర్డు ఉండదు.
నేను మాత్రం రోజూ తడుస్తూ రెండు వీధులు దాటి
స్టర్ట్ వీధి స్టాపుకి నడుస్తాను.
అక్కడ అరగంటకో బస్సు.
కానీ నెత్తిమీద వెలిగే అంకెలు:
పద్నాలుగు నిమిషాలు,
పదమూడు.
అంకెలు ఎర్రగా ఉంటాయని
అప్పుడే చూశాను.
చూసి కూడా అటే నడిచాను.

ఇప్పుడు పదిహేడు పెద్ద పంజరంలో ఉంది,
ఆరు పావురాల తోడు, కడుపునిండా తిండి.
రంగులకి పాత అర్థాలు తిరిగిచ్చి
పెట్టెలో పెడితే
ఎడమవైపు ఒకప్పటంత ఎగబడటం లేదు.
ఆకలి తీరిన కంటికి ఎరుపు వెలిసిపోతుందేమో.
ఒక్క పావురంతో తేలే సంగతి కాదు.
రాసి పెట్టుకున్నాను, పెన్సిల్‌తో.

నిన్న చీకటి పడ్డాక
గిన్నెలో జొన్నలు పోస్తుంటే
కిటికీ అవతల ఎవరిదో కారు బ్రేకు వేసింది.
గోడంతా ఒక్క క్షణం ఎరుపు.
మిగతా ఆరూ తింటూనే ఉన్నాయి.
పదిహేడు,
గింజ ముక్కున ఉండగానే,
మెడ తిప్పింది.